తెరమీఁదికి రాని ఊరు

ఏటేట పరీక్షలకు ముందు ఐనవిల్లి సిద్ధివినాయకుని సన్నిధిని కలములకుఁ బూజచేసి విద్యార్థులకుఁ బంచుట కోనసీమవా రెల్లరు నెఱిఁగినదే. ఆ కలమును బుచ్చుకొని పోవు బాలు నొకని నిలిపి, "నాయనా, మీ చేనికి నీరు తెచ్చు కాలువ నెవరు త్రవ్విరి?" అని యడిగి చూడుఁడు. "కాటను దొర" యనును. అంతకు మించి యొక్క ముక్కయైన వచ్చునా? వానిని నిందించి లాభము లేదు. మనము చెప్పలేదు, వాఁడు వినలేదు.

మన రాష్ట్రమున మూఁడవ తరగతి మొద లైదవ తరగతి వఱకు చరిత్ర వేఱు పాఠ్యాంశము గాదు. పరిసరాల విజ్ఞానములో నది యొక మూల నణఁగియున్నది. 2023 నుండి సర్కారు బడులకు పెద్దతెరలును స్మార్టు టీవీలును వచ్చినవి. సంతోషమే. గోడమీఁదికి తెర వచ్చినది గాని తెరమీఁదికి మన యూరు రాలేదు. ఎక్కడనో తయారైన బొమ్మలను జూచుటయే చదువగుచున్నది.

ఇందుకు విరుగుడు చేతిలోనే యున్నది. 1990వ దశకమునఁ గాలిఫోర్నియాలో జో లాంబర్టు, డానా యాచ్లీ మున్నగువా రొక పద్ధతిని ప్రచారము చేసిరి. సామాన్యుఁడు తన కంఠముతోఁ దన కథను రెండు మూఁడు నిమిషములలోఁ జెప్పి, కొన్ని ఛాయాచిత్రములను జేర్చును. దీనినే డిజిటల్ కథ యనుచున్నారు. నేఁడు చేతిఫో నొక్కటి యున్నఁ జాలును.

1986 ఆగస్టులో ధవళేశ్వరముకడ గోదావరి యించుమించు 35 లక్షల క్యూసెక్కులతోఁ బొంగెను. లంకలు మునిఁగెను. నాఁడు చంటిబిడ్డతో గట్టెక్కిన యిల్లాలి కిప్పు డఱువదియేండ్లు. నాఁటి పెద్దలు పలువురు గతించిరి. ఎదురుబిడియము కాజువే నేఁటికిని వరదలలో మునుఁగుచునే యున్నది గావున బడిపిల్లల కీ సంగతి క్రొత్తది గాదు. మనుమరా లా యవ్వ యెదుట ఫోను పెట్టి, నీ రెంతవఱకు వచ్చినది, పశువు లేమయ్యెను, ఇంటినుండి మొదట దేనిని బయటికిఁ దెచ్చితిరి యని యడుగవలెను. ఆమె చూపిన గోడనో చెట్టునో చిత్రము తీయవలెను. ఆ పనిలో బాలిక నేర్చునది వరదను గూర్చి మాత్రమే కాదు. ఒక్క సంగతిని ముగ్గురు మూఁడు విధములుగాఁ జెప్పుదు రనియు, నిక్కము తేల్చుటకుఁ దేదీయు సాక్ష్యమును గావలె ననియు నేర్చును. పెద్దవారిలోఁ గూడ నీ నేర్పు గలవారు మెండుగా లేరు.

కాటను కథయు నట్లే. 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట నొక్క దొరయే కట్టలేదు. ఆయన కుడిభుజమై పని నడపిన వీణం వీరన్న యున్నాఁడు. పేరైన మిగులని వేలాది కూలీ లున్నారు. కాటనుకు మ్రొక్కవలదని మే మనుట లేదు. కాని తట్ట మోసిన తాతను మఱచిన చరిత్ర మన దెట్లగును?

ఒక్క హెచ్చరిక మాత్రము గట్టిగాఁ జేయవలసియున్నది. లంకలగన్నవరమున నాఁకొన్నవారి కెల్ల నన్నము పెట్టి 1909లోఁ గీర్తిశేషురాలైన డొక్కా సీతమ్మగారి పేరు 2024లో బడిభోజనమునకుఁ బెట్టిరి. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమున కామెకు పిలుపు వచ్చె ననియు, ఆమె పోనందున ఛాయాచిత్రమునైనఁ గోరి తెప్పించుకొని రనియుఁ జెప్పుకొందురు. చెప్పుకొందు రన్నమాటను కథలోఁ జెప్పియే తీరవలెను. ఇప్పుడు కృత్రిమమేధ యను యంత్ర మడిగిన క్షణముననే సీతమ్మగారివి యిరువది బొమ్మలు గీసి యిచ్చును. వడ్డించునట్లు, రాజదూతతో మాటలాడునట్లు! అవి చూడ ముచ్చటగా నుండును గాని యందొక్కటియు నామె గాదు. ఎనిమిదేండ్ల పసివాఁ డా భేద మెఱుఁగఁడు. పరాయివాఁడు మన చరిత్రను వంకరగా వ్రాసెనని తరతరములు మొఱపెట్టుకొన్న మనమే మన బిడ్డల కబద్ధపు బొమ్మలు చూపఁ దగునా? గీసిన బొమ్మపై "ఇది గీసినది" యని తెలుఁగున వ్రాయనిదే యే బడియుఁ జూపరాదు.

తెర యెక్కువైనఁ గన్నులు చెడు నందురు. నిజమే. అడుగుటకును దిరుగుటకును వారము, చూచుటకు మూఁడు నిమిషములు. అవ్వ పలుకును మా వ్రాఁతభాషలోనికి దిద్దకుఁడు. కోనసీమ యాస నట్లే యుండనిండు. ఆమె యనుమతి లేక నలుగురిలోఁ బెట్టకుఁడు.

వేసవిసెలవుల వఱకు వేచియుండ నక్కఱలేదు. ఉపాధ్యాయులారా, ఐనవిల్లిలంక మొదలు ముక్తేశ్వరము వఱకు నెనుబదియేండ్లు దాటినవారి పేర్లు ఈ వారమే వ్రాసి పెట్టుకొనుఁడు.