చెరకు విత్తనమునకు వేడినీటి బండి

మన నిజామాబాదు ప్రాంతమున చెరకును గూర్చి మాటలాడువారు సాధారణముగా కర్మాగారమును గూర్చియే మాటలాడుదురు. పొగగొట్టము, గానుగ, ధర, బకాయి అను నివియే వారి సంభాషణమునకు విషయములు. నేలలో పాతిపెట్టు ముచ్చెను గూర్చి పలుకువారు అరుదు. తెగులు లేని విత్తనము లేనిదే ఎంత గొప్ప యంత్రశాలయు రైతును రక్షింపజాలదనియు, అట్టి విత్తనమును సిద్ధపరచుటకు గ్యాసుమంటతో పెద్దమొత్తమున నీటిని కాచుచు ఊరూరికిని కొనిపోదగిన బండి యొకటి మనకు అవసరమనియు మా యభిప్రాయము. మన విద్యార్థులు తలపెట్టదగిన పనిగా తోచుటచే, దీనిని గూర్చి యిచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మంజీరా నదిపై నిజాంసాగరు 1931లో పూర్తియైన పిమ్మట బోధను పరిసరములలో చెరకు విస్తరించెను. 1937లో నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడెను. దాని చుట్టును శక్కరునగరు వెలసెను. ఒకప్పుడు ఆసియాఖండమున మిక్కిలి పెద్దదిగా పేరొందిన ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. దానిని పునరుద్ధరించుటను గూర్చి పరిశీలించుటకై రాష్ట్రప్రభుత్వము 2024లో ఒక సంఘము నేర్పరచెను. ఆ ప్రయత్నము ఫలించుగాక యని మేమును కోరుచున్నాము. అయితే గానుగ తిరుగవలెనన్నచో ముందుగా చెరకుండవలెను గదా! కర్మాగారము నమ్మకము పోవుటతో ఎన్నియో పొలములు వరికిని ఇతర పైరులకును మరలినవి. ఆ పొలములు మరల చెరకువైపు తిరుగునాడు రైతు విత్తనము నెచ్చటినుండి తెచ్చుకొనును? పొరుగువాని తోటనుండియే. ఆ తోటలో తెగులున్నచో అదియు బండెడు ముచ్చెలతోపాటు వచ్చి చేరును.

చెరకు గింజవలన గాక గడముక్కవలన పెంపొందు పైరు. కావున తల్లిమొక్కలోని రోగము పిల్లమొక్కకు నేరుగా సంక్రమించును. గడ్డి దుబ్బు తెగులు పట్టిన దుబ్బు గడ్డివలె సన్నని తెల్లని పిలకలు వేసి గడ కట్టక పోవును. కాటుక తెగులు పట్టినది కొరడావంటి నల్లని మొనను పైకి చాచును. ఇవి కంటికి కనబడును గనుక పెరికివేయవచ్చును. కార్శి తోటలను, అనగా మన వాడుకలో మొడెము తోటలను, గిడసబార్చు మరియొక తెగులు కలదు. అది గడలోని నీటినాళములలో నివసించు సూక్ష్మజీవివలన కలుగును. పైకి ఏ గురుతును స్పష్టముగా చూపదు. గడలు పొట్టివగును, దిగుబడి తగ్గును. రైతు భూమిని నిందించును, ఎరువును నిందించును, తన యదృష్టమును నిందించును. విత్తనమును మాత్రము అనుమానింపడు.

దాగియున్న రోగమును వెదకి, దానికి ఓపికతో చికిత్స చేయుట మన ప్రాంతమునకు కొత్తగాదు. 1915లో డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ గారు కుష్ఠరోగులకై నెలకొల్పిన చికిత్సాలయము అట్టి యోపికకే సాక్ష్యము. మనుష్యుల విషయమున మిషను వారు చూపిన ఆ శ్రద్ధలో కొంతయైనను పైరుల విషయమున మనము చూపలేమా?

ఈ తెగుళ్ళకు మందు వేడినీరే. జావా ద్వీపమున చెరకును పాడుచేయుచుండిన సెరె తెగులునకు, ముచ్చెలను సుమారు 52 డిగ్రీల నీటిలో అరగంటసేపు ఉంచుట విరుగుడని గెరార్దా విల్‌బ్రింక్ అను శాస్త్రజ్ఞురాలు 1923లో ప్రకటించెను. మొడెమును గిడసబార్చు తెగులును ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు వారు 1944-45 ప్రాంతమున గుర్తించి, 50 డిగ్రీల నీటిలో రెండు మూడు గంటలు ముంచుట దానికి చికిత్సయని కనుగొనిరి. మన దేశమునను ఈ పద్ధతి చిరకాలముగా తెలిసినదే. చక్కెర కర్మాగారమున చెరకు పిప్పిని కాల్చి ఆవిరి పుట్టింతురు గనుక అచ్చట వేడినీటి తొట్టిని నడుపుట సులభము. ఆ పొయ్యి ఆరిన చోట పొలము దగ్గరకే వేడిని కొనిపోవలసియున్నది. పొలమున మోపులు కట్టి, దూరపు చికిత్సాస్థానమునకు మోసి, మరల తెచ్చుట చిన్నరైతునకు సాధ్యముగాదు.

నీరు కాచుటకు యంత్రమేల, కట్టెల పొయ్యిపై కొప్పెర చాలదా యని కొందరడుగవచ్చును. ఇచ్చటనే సూక్ష్మమున్నది. నీటిని మరగించువాడు మంట కొంచెము హెచ్చినను తగ్గినను చింతింపనక్కరలేదు. మరగునట్టి నీరు తన వేడిమిని తానే నిలుపుకొనును. మంట హెచ్చినచో ఆవిరి హెచ్చునేగాని వేడిమి నూరు డిగ్రీలను మించదు. 50 డిగ్రీల నీటి కట్టి కట్టుబాటు లేదు. దానిని మనమే నిలుపవలయును. నాలుగు డిగ్రీలు హెచ్చినచో కన్నులు ఉడికి మొలక చచ్చును. రెండు డిగ్రీలు తగ్గినచో సూక్ష్మజీవి బ్రతికిపోవును. కట్టెలమంటను నిమిషములో తగ్గింపలేము. గ్యాసుమంట మర త్రిప్పినంతనే తగ్గును, ఆరును. మేము గ్యాసును కోరుటకు కారణము దాని తీవ్రతగాదు, దాని విధేయత.

ఇక బండి స్వరూపము. ట్రాక్టరు వెనుక కట్టదగిన రెండు చక్రముల చట్రముపై 1000 లీటర్లు పట్టు ఇనుపతొట్టి నమర్పవలయును. అన్ని నీళ్ళు ఒక టన్ను తూగును గనుక తొట్టి ఖాళీగానే ప్రయాణము చేయవలెను. బోరుబావి యొద్ద, చదునైన నేలమీద, చక్రములకు దిమ్మలు పెట్టిన తరువాతనే నింపవలెను. తొట్టి యడుగున మంట పెట్టినచో వేడిలో పెద్దభాగము గాలిపాలగును. అందుచే మంటను నీటి నడుమనే యుంచుట మేలు. వెడల్పైన ఇనుపగొట్టమును తొట్టి యడుగుభాగమున చుట్టి తెచ్చి, ఒక కొనయందు బర్నరును, మరియొక కొనయందు పొగగొట్టమును అమర్చినచో మంటవేడి యంతయు నీటిని తాకుచు పోవును. పూర్వపు లంకషైరు బాయిలర్లలో మంటగొట్టములు నీటి నడుమగానే యుండెడివి. ఇది ఆ సూత్రమే.

తొట్టికి చుట్టును రెండవ రేకు తొడిగి, నడుమ మూడు నాలుగంగుళముల మందమున వేడిని పోనీయని పదార్థమును కూరవలెను. మన బియ్యపుమిల్లులలో గుట్టలుగా పడియుండు ఊక ఇందుకు చక్కగా పనికివచ్చును. అయితే అది అంటుకొనునది గనుక బర్నరు నోటికిని పొగగొట్టమునకును చేరువను రాతి ఉన్నిని వాడవలెను. ముచ్చెలు మంటగొట్టమును తాకకుండ తీగె బుట్టలలో వ్రేలాడవలెను. వేడినీరు పైకి చేరి చల్లనిది అడుగున నిలుచును గనుక, చిన్న పంపుతో అడుగునీటిని పైకి త్రిప్పుచుండవలెను. ఉష్ణమాపకములు పైన, నడుమ, అడుగున మూడుండవలెను. ఒకటే చాలునని తలచువాడు పైబుట్టను ఉడికించి అడుగుబుట్టను పచ్చిగా వదలును.

ఎంత గ్యాసు పట్టునో విద్యార్థులు తామే లెక్కింపవచ్చును. 1000 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 50 డిగ్రీలకు తెచ్చుటకు 25,000 కిలోకెలోరీలు కావలెను. అందులో వేయు 200 కిలోల ముచ్చెలను వేడిచేయుటకు సుమారు 4,500 కావలెను. వెరసి 30,000 అనుకొందము. ఒక కిలో వంటగ్యాసు కాలినచో ఇంచుమించు 11,000 కిలోకెలోరీలు పుట్టును. అందు సగమే నీటికి చేరునని భావించినను అయిదున్నర కిలోలు చాలును. రెండవ విడతనుండి నీరు వేడిగానే యుండును గనుక, ముచ్చెలకును కారిపోవు వేడికిని కలిపి కిలోన్నర చాలునని మా యంచనా. దినమునకు మూడు విడతలు, 600 కిలోల విత్తనము, తొమ్మిది పది కిలోల గ్యాసు. వ్యాపారమునకు వాడు 19 కిలోల సిలిండరు రెండు దినములు వచ్చును. మొదటి వేడికి గంటకు మూడు నాలుగు కిలోలు లాగవలసియుండగా ఒక్క సిలిండరు ఆ వేగమున ఈయజాలదు; లోని ద్రవము చల్లబడి, బయట మంచుపట్టి, మంట నీరసించును. మూడు నాలుగు సిలిండర్లను ఒక గొట్టమునకు కలుపుటయే దీనికి మార్గము. సిలిండరును మంటచేత వెచ్చజేయుటకు మాత్రము ఎన్నడును పూనుకొనరాదు.

అపాయములను గూర్చి నిర్మొగమాటముగా చెప్పవలెను. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలవెంబడి ప్రాకి పల్లములలో నిలుచును. కావున సిలిండర్లు మంటకు దూరమున, గట్టునేలమీద, నిలువుగా నుండవలెను. మంట ఆరినచో గ్యాసు తనంత తానే నిలిచిపోవు కవాటము తప్పనిసరి. మూసిన కొట్టములో కాల్చినచో వాసన లేని కార్బను మోనాక్సైడు ప్రాణము తీయును, ఆరుబయటనే కాల్చవలెను. గొట్టము నీట మునుగక మునుపు మంట ముట్టింపరాదు. తొట్టిమూతను ఎన్నడును బిగింపరాదు; నీరు ఆవిరియైనచో వేయిరెట్లకు మించి వ్యాపించును. ఇది నీటితొట్టియే గాని బాయిలరు గాదని గుర్తుండవలెను. చికిత్సానంతరము శిలీంధ్రనాశక ద్రావణములో ముంచవలసి వచ్చినచో వేరు పాత్రలో ముంచవలెను. అప్పుడు ఈ బండి వరదబాధితుల శిబిరములలో స్నానపు నీళ్ళు కాచుటకును పనికివచ్చును.

ఈ బండి సర్వరోగనివారిణి యని మేము చెప్పుటలేదు. ఎర్రకుళ్ళు తెగులును వేడినీరు నమ్మకముగా పోగొట్టజాలదు. ఒక్కొక్క చెరకురకము వేడిని తట్టుకొను శక్తి వేరు. కావున రుద్రూరు పరిశోధనస్థానము వారి సలహాతోనే వేడిమిని, కాలమును నిర్ణయింపవలెను. శుద్ధిచేసిన ముచ్చెను తెగులుతోటను నరికిన కత్తితో నరికినచో చేసిన పని యంతయు వృథా. మన దేశపు వంటగ్యాసులో సగమునకు పైగా విదేశములనుండి వచ్చుచున్నదనుట నిజమే. అందుకొరకే నీటిని ముందు నల్లరంగు తొట్టిలో ఎండకు వెచ్చజేసి పిమ్మట గ్యాసు ముట్టింపుడని చెప్పుదుము. సూర్యుడు 25ను 37 చేసినచో నీటికగు ఖర్చు సగము తగ్గును.

దినమునకు 600 కిలోలేనా, ఎకరమునకు మూడు నాలుగు టన్నులు కావలెనే యని రైతులు పెదవి విరువవచ్చును. వారికి మా సమాధానము లెక్కయే. 600 కిలోలు సుమారు ఏడు గుంటల విత్తనపుమడికి సరిపోవును. ఒక యేట చెరకు ఎనిమిదిరెట్లగునని తక్కువగానే కట్టినను, ఆ ఏడు గుంటలు మరుసటి నాటునకు 56 గుంటలకును, ఆ పిమ్మట 11 ఎకరములకును, ఆ పిమ్మట ఇంచుమించు 90 ఎకరములకును విత్తనమిచ్చును. కత్తిశుద్ధియు కనిపెట్టియుండుటయు తప్పకున్నచో, ఒక్కదినపు శ్రమ మూడు నాటులలో ఒక చిన్నగ్రామపు చెరకంతటికి సరిపోవునన్నమాట. కర్మాగారము తెరువబడువరకు కాచుకొని, అటుపిమ్మట విత్తనమునకై పరుగెత్తినచో ఈ సంవత్సరములను మరల సంపాదింపలేము.

కావున మా సూచన యిది. సహకారసంఘముగాని, కొందరు రైతులు కలసిగాని బండికి పెట్టుబడి పెట్టవలెను. ఇనుపపని తెలిసిన మన పట్టణపు పనివాండ్రు దానిని కట్టవలెను. మన పాఠశాల విద్యార్థులు ఉపాధ్యాయుల యెదుట ముందుగా ఇరువది లీటర్ల పాత్రతో ప్రారంభించి, 50 డిగ్రీలను రెండు గంటలసేపు ఒక డిగ్రీయైనను తప్పకుండ నిలుపుట అభ్యసింపవలెను; పది నిమిషముల కొకమారు వేడిమిని వ్రాసిపెట్టవలెను; ముంచిన ముచ్చెలను, ముంచనివానిని ప్రక్కప్రక్కన నాటి మొలకల నెంచవలెను. ఉష్ణమును గూర్చి పుస్తకమున చదివిన పాఠము తండ్రి పొలమున పనికివచ్చిననాడు చదువు సార్థకమగును. తలిదండ్రులు ఆ బాలుర లెక్కల పుస్తకమును ఒకమారు అడిగి చూతురుగాక. అందులోని అంకెలు వారి చెరకుతోటకు సంబంధించినవే.