ఆయుధ వివేకం: ఎల్క్ వేటకు అల్పమూల్యపు తుపాకీ

భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం కర్మసిద్ధికి ఐదు కారణాలను పేర్కొంటుంది: అధిష్ఠానం, కర్త, కరణం, వివిధ చేష్టలు, దైవం. కరణమంటే ప్రధానంగా ఇంద్రియాలే అయినా, సాధనమనే విస్తృతార్థంలో ఆయుధమూ ఆ కోటిలోనే చేరుతుంది. అమెరికాలోని కొలరాడో పర్వతాలలో ఎల్క్ వేటకు తొలిసారి తుపాకీ కొనబోయే వ్యక్తి మాత్రం ఆ ఒక్క కారణాన్నే చూస్తాడు. తక్కిన నాలుగూ దుకాణంలో దొరకవు గనుక కాబోలు.

ఎల్క్ మన అడవుల కణుజుకు జ్ఞాతి; అంతకన్న భారీ మృగం. ఎదిగిన మగది సుమారు 320 కిలోలు తూగుతుంది. సెప్టెంబరు మధ్యభాగంలో తొమ్మిది రోజులను కొలరాడో ప్రభుత్వం మజిల్‌లోడర్ వేటకు కేటాయిస్తుంది. మజిల్‌లోడర్ అంటే మందునూ గుండునూ గొట్టపు మూతి నుండి వేసి, కడ్డీతో దట్టించి పేల్చే తుపాకీ. మన పల్లెల నాటు తుపాకీదీ ఇదే జాతి. ఒకసారి పేలిస్తే మళ్ళీ దట్టించడానికి అర నిమిషమో, నిమిషమో పడుతుంది. అంతసేపు ఎల్క్ వేచి ఉండదు. కనుక ఆచరణలో వేటగాడికి ఉన్నది ఒకే గుండు.

ఇక మూల్యం మాట. వెయ్యి డాలర్లు దాటిన మజిల్‌లోడర్లు ఉన్నాయి. వాటి మహిమలో అధికభాగం స్కోపు, బిళ్ళలుగా వచ్చే మందు, ప్లాస్టిక్ తొడుగులో ఇమిడే సన్నని గుండు, ఈ మూడింటి కూర్పుతో దూరలక్ష్యాన్ని ఛేదించడంలోనే ఉంది. కొలరాడో మజిల్‌లోడర్ వేటకాలంలో ఈ మూడూ నిషిద్ధం. లోహపు గురిచూపులే ఉండాలి, మందు పొడిగానే ఉండాలి, ఎల్క్‌కు .50 క్యాలిబర్‌కు తగ్గరాదు. శాసనమే తీసివేసిన భోగసామగ్రికి మూల్యం చెల్లించడం వివేకం కాదు. సీవీఏ వుల్ఫ్, ట్రెడిషన్స్ బక్‌స్టాకర్ వంటి .50 తుపాకులు సుమారు 300 డాలర్ల స్థాయివి. నూరు గజాల లోపల ఇవి చేయలేక ఖరీదైనవి మాత్రమే చేయగలిగే పని దాదాపు లేదు. అయితే స్కోపు కోసమే తయారై గురిచూపులు లేకుండా వచ్చే నమూనాలుంటాయి. కొనేముందు అది చూసుకోవాలి. ఐడహో, ఆరెగాన్ వంటి రాష్ట్రాలలో నిప్పురవ్వ పుట్టే భాగం బయటికి కనబడాలన్న నియమం కూడా ఉంది. అక్కడ వేటాడదలచినవారికి ఈ ఆధునిక నమూనాల మామూలు రూపాలు పనికిరావు. ఆ నియమానికి అనుగుణంగా తయారైన రూపమో, పక్కన సుత్తి ఉండే పాతరీతి తుపాకీయో శరణ్యం.

అసలు పరీక్షించవలసినది గొట్టం లోపలి మెలిక. 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులు పొడవైన శంకువు ఆకారపు గుండుకు అనుకూలం. 60 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి గోళాకారపు గుండుకు. 48 అంగుళాలది రాజీమార్గం. .50 క్యాలిబర్ సీసపు గోళం సుమారు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. కొలరాడో శాసనం దానిని ఆమోదిస్తుంది. కాని ఎల్క్ భుజాస్థి ముందు అది దుర్బలం. 300 గ్రెయిన్లకు మించిన శంకువు గుండు, దానికి తగిన శీఘ్రమైన మెలిక, ఇవే ఉచితం. శాసనసమ్మతమైనదంతా ధర్మసమ్మతం కాదనడానికి ఇంతకన్న చిన్న ఉదాహరణ దొరకదు.

వాడిన తుపాకీ ఇంకా చౌక. దాని గొట్టంలోకి దీపం వేసి తుప్పు ఉన్నదేమో చూడాలి. మందు మసి తేమను పీల్చి ఉక్కును తినివేస్తుంది. అంతకన్న ముందు కడ్డీని లోపలికి దించి, గొట్టం పొడవుతో పోల్చాలి. ఏళ్ళ క్రితం దట్టించి మరచిన గుండు అందులో ఉండవచ్చు.

అహింసను పరమధర్మంగా తలచేవారికి ఈ చర్చ ఎందుకన్న ప్రశ్న సహజమే. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తలుపు మూసింది. కొలరాడోలో ఆ తలుపు తెరచి ఉంది. ఉన్న హింసను లేదనుకోవడం వల్ల అది తగ్గదు. మహాభారతంలో కిందమ మహర్షి మృగరూపంలో ఉండగా పాండురాజు బాణం వేశాడు. మృగాన్ని చంపినందుకు తాను నిందించడం లేదని, సంగమసమయమని చూడక క్రూరంగా ప్రవర్తించినందుకే శపిస్తున్నానని ఆ ఋషి అంటాడు. కొలరాడో మజిల్‌లోడర్ వేటకాలమూ ఎల్క్‌లు జతకట్టే కాలమే. ఆ మదంలో మగ ఎల్క్ జాగ్రత్త మరచి దగ్గరకు వస్తుంది. వేటగాడి సౌలభ్యమంతా దాని కామం నుండి పుట్టినదే. ఇది అసౌకర్యమైన సత్యం. దీనిని ఎరిగి కూడా వెళ్ళేవాడు క్షణంలో ముగియవలసిన మరణాన్ని గంటల వేదనగా మార్చరాదు. గాయపడిన ఎల్క్ చీకటి అడవిలో మైళ్ళ దూరం పోగలదు.

అందువల్ల తుపాకీలో మిగిల్చిన ధనం మందుకూ, గుండ్లకూ, అభ్యాసానికీ పోవాలి. రెండు మూడు రకాల గుండ్లు తెచ్చి, మందు పాళ్ళను తయారీదారు చెప్పిన పరిమితి లోపల మారుస్తూ ఆ గొట్టం దేనిని ఇష్టపడుతుందో తెలుసుకోవాలి. మోకాలిపై కూర్చుని ఎనిమిది అంగుళాల పళ్ళాన్ని ఐదుకు ఐదుసార్లు తాకగలిగే దూరమే ఆ వ్యక్తి హద్దు. అది డెబ్భై గజాలైతే డెబ్భై గజాలే. ఎనభై గజాల దగ్గర నిలిచిన ఎల్క్ అతనిది కాదు. ఈ పొదుపును మితవ్యయమనాలి. తుపాకీ చౌకగా కొని అభ్యాసంలో కూడా పిసినారితనం చూపితే అది లోభం, మూల్యం చెల్లించేది మృగం.

ఇంకొక ప్రమాదం దశరథుని కాలం నాటిది. సరయూ తీరాన చీకటిలో కుండ మునిగే శబ్దం విని, ఏనుగని భ్రమించి, ఆయన మునికుమారుణ్ణి కొట్టాడు. కొలరాడో అడవిలో వేటగాళ్ళు కొమ్ముబూరలతో మగ ఎల్క్ అరుపును అనుకరిస్తారు. ఉదయపు పొగమంచులో వినిపించిన అరుపు ఎల్క్‌దో, మరొక మనిషిదో చెవి చెప్పలేదు. అందుకే అక్కడ మజిల్‌లోడర్ వేటగాడు 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ లేదా గులాబీ రంగు వస్త్రం ధరించి తీరాలి, తలపాగాతో సహా. దాని ఖరీదు స్వల్పం. కొనుగోలు పట్టికలో తుపాకీ కన్న ముందు వ్రాసుకోవలసినది బహుశా అదే.