ఉద్యోగం వచ్చాకే నవ్వాలా?



మొన్న ఈ గ్రూపులోనే ఒక సీనియర్ అన్న రాశారు, "హాస్టల్లో ఆటలు, థింసా మానేసి పుస్తకం పట్టుకోండి, ఉద్యోగం వచ్చాక ఎంతైనా ఆడుకోవచ్చు" అని. అన్న మా మంచికే చెప్పారు, కాదనను. కానీ ఆ మాట తప్పు.

మా హాస్టల్లో సాయంత్రం ఒక గంట ఆట ఉండేది. దాన్ని తీసేసి స్టడీ అవర్ చేశారు. ఇటుకల పండగకి ఊరెళ్తామంటే పరీక్షలన్నారు, పంపలేదు. అదే ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి పెద్దలొస్తున్నారంటే మాత్రం వారం రోజులు క్లాసులు మానిపించి మరీ థింసా ప్రాక్టీస్ చేయించారు. అంటే మన ఆట వాళ్లు చూడ్డానికి పనికొస్తుంది, మనం బతకడానికి అక్కర్లేదా?

హెల్త్ చెకప్‌కి వస్తే బరువు తూస్తారు, రక్తం తీస్తారు, ఐరన్ మాత్రలు ఇస్తారు. మనలో రక్తహీనత, సికిల్‌సెల్ ఉన్నాయి కాబట్టి అవి కావాల్సిందే. కానీ "రాత్రి నిద్ర పడుతోందా? మనసారా నవ్వి ఎన్నాళ్లైంది?" అని ఒక్కరూ అడగరు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటివాణ్ని. మొదటి ఏడాది నిద్ర పట్టేది కాదు, అన్నం సయించేది కాదు, రోజూ కడుపునొప్పి. డాక్టరుగారు చూసి ఏమీ లేదన్నారు. ఊరెళ్తే అమ్మ "ఏటిరా, ఇలాగైపోనావ్" అని ఏడ్చింది. ఆ రాత్రి పెళ్లింట్లో తుడుము, డప్పు, మోరి మోగాయి. వీపు వెనక చేతులు కలిపి అందరితోపాటు వరసలో తిరిగాను. చాలా నెలల తర్వాత ఒళ్లు తెలీకుండా నిద్రపోయాను. దాంతో మార్కులు పెరిగాయని చెప్పను. చదువు మానేసి ఇంటికొచ్చేద్దామనుకున్నవాణ్ని, తిరిగి హాస్టల్‌కి బస్సెక్కాను. అది చాలదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం 1948 నుంచీ చెప్తున్నదీ ఇదే. జబ్బు లేకపోతే ఆరోగ్యం ఉన్నట్టు కాదు. ఒళ్లు, మనసు, నలుగురితో బతుకు మూడూ బాగుండాలి. థింసా వరసలో ఈ మూడూ ఉన్నాయి.

అలాగని "గిరిజనులు ఎప్పుడూ సంతోషంగానే ఉంటారు, వాళ్లకేం కావాలి" అనే బయటివాళ్ల మాటా ఒప్పుకోను. గర్భిణిని డోలీలో మోసే ఊరికి రోడ్డే కావాలి. మలేరియాకి మందే కావాలి. థింసా వాటికి బదులు కాదు. కానీ అవన్నీ వచ్చేదాకా నవ్వొద్దనడం ఇంకో శిక్ష.

మనం గట్టిగా అడగాల్సినవి మూడు. సాయంత్రం ఆట గంట ముట్టుకోవద్దు. మన పండగకి సెలవివ్వాలి. చెకప్‌లో మనసు గురించి కూడా అడగాలి. థింసాకి ఎవర్నీ బలవంతపెట్టొద్దు, ఒంట్లో బాగోనివాళ్లు కూర్చుని డప్పు కొట్టినా చాలు.

చివరగా అన్నా, మీకు ఉద్యోగం వచ్చి చాలా ఏళ్లైంది కదా. వరసలో ఆఖరిసారి ఎప్పుడు నిలబడ్డారు?

జోహార్.