రెండు రిపోర్టులు, ఒకే బిడ్డ

జ్వరం వచ్చిన 2వ రోజు ఒక లేబొరేటరీ ఎన్‌ఎస్1 పరీక్ష చేసి బిడ్డకు డెంగీ ఉందంది. మరో లేబొరేటరీ ఐజీఎం పరీక్ష చేసి లేదంది. తల్లిదండ్రులు ఎవరిని నమ్మాలి? రెండూ నిజమే కావచ్చునంటాం మేము. ఎన్‌ఎస్1 వైరస్ ప్రోటీన్. తొలిరోజుల్లోనే రక్తంలో కనబడుతుంది. ఐజీఎం మన శరీరం తయారుచేసుకునే యాంటీబాడీ. సాధారణంగా 5వ రోజు ప్రాంతంలో గాని బయటపడదు. కనుక అది ఏ పరీక్షో, జ్వరం ఎన్నో రోజున చేశారో చూడాలి. రిపోర్టులన్నీ ఒకే డాక్టరుకు చూపండి. నచ్చనిదాన్ని దాచడం బిడ్డకు అన్యాయం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మగత కనిపిస్తే, జ్వరం తగ్గినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్త (స) ఆదేశం. దుఆ చేద్దాం, మందూ ఇద్దాం. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్. బిడ్డలు ఆయన మనకప్పగించిన అమానతు.