ఆ బహుమతి సొమ్ము ఎవరిది?



గత షాబాన్ మాసంలో మా మద్రసా వార్షికోత్సవానికి పిల్లల మధ్య ప్రశ్నోత్తరాల పోటీ పెట్టదలచాము. పెద్ద తరగతుల పిల్లలు అది టీవీలో వచ్చే కోటీశ్వరుల కార్యక్రమం తీరులోనే ఉండాలని పట్టుబట్టారు. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు, అందులో ఒకటే సరైనది. రెండు తప్పు జవాబులను తీసివేయించుకునే వెసులుబాటు, స్నేహితుణ్ణి అడిగే అవకాశం కూడా ఉండాలన్నారు. మేము అంగీకరించాము. తలకు 20 రూపాయల ప్రవేశ రుసుము పెట్టాము. 60 మంది పేర్లిచ్చారు. వసూలైన 1,200 రూపాయలను 600, 400, 200గా మూడు బహుమతులు చేసి, ఆ వివరం కాగితంపై రాసి గోడకు అంటించాము.

ఆ సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత, హిఫ్జ్ చదువుతున్న పన్నెండేళ్ల బాలుడొకడు మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "హజ్రత్, ఓడిపోయినవాళ్ల డబ్బులే గెలిచినవాళ్లకు ఇస్తున్నాం కదా! మొన్న మీరు పాఠంలో చెప్పిన జూదం ఇదే కాదా?" అని అడిగాడు. ముప్ఫై ఏళ్లుగా ఫిఖ్హ్ బోధిస్తున్న మాకు ఆ క్షణాన నోట మాట రాలేదు. "రేపు చెబుతాము" అని పంపించివేశాము.

పిల్లలు ఏ కార్యక్రమాన్ని చూసి ఈ పద్ధతి నేర్చుకున్నారో, అక్కడ బహుమతి సొమ్ము ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవాలనిపించింది. అలా తెలుసుకున్న సంగతులనే ఈ నెల మీ ముందుంచుతున్నాము.

ఈ కార్యక్రమం 1998 సెప్టెంబరు 4న బ్రిటన్‌లోని ఐటీవీ చానెల్‌లో మొదలైంది. పదిహేను ప్రశ్నలు, చివరి మెట్టున పది లక్షల పౌండ్లు. మరుసటి ఏడాది ఆగస్టులో అమెరికాకు చేరింది. 2000 జులై 3న మన దేశంలో అమితాబ్ బచ్చన్ వ్యాఖ్యాతగా 'కౌన్ బనేగా కరోడ్‌పతి' ప్రారంభమైంది. అదే ఏడాది అరబ్బు దేశాల ప్రేక్షకుల కోసం ఎంబీసీ చానెల్‌లో జార్జ్ కుర్దాహీ దీనిని అరబీలో నడిపారు. నేటికి నూరుకు పైగా దేశాలు దీనిని తమ తమ భాషల్లోకి తెచ్చుకున్నాయి.

చట్రం ఎక్కడైనా ఒక్కటే. ఎదురెదురుగా రెండు ఎత్తయిన కుర్చీలు, చుట్టూ చీకటి, గుండె దడను పెంచే సంగీతం, కష్టంతో పాటు పెరిగే సొమ్ము. ఆ చట్రానికి తొడిగిన చొక్కా మాత్రం ఏ దేశానికి ఆ దేశపుది. బ్రిటన్ వారి 'మిలియన్' మన దగ్గర 'కోటి' అయింది, సింహళంలో 'లక్ష' అయింది. కుర్దాహీ "జవాబ్ నిహాయీ?" అని అడిగితే, బచ్చన్ "లాక్ కియా జాయే?" అన్నారు. 2014లో మన తెలుగులో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అంటూ వచ్చారు. 2019లో దూరదర్శన్ కాశ్మీరీ భాషలోనూ దీనిని ప్రసారం చేసింది.

ఇందులోని మంచిని కాదనలేము. తమిళంలో కేవలం మహిళల కోసం నడిపిన 'కోడీశ్వరి'లో, చెవులు వినిపించని, మాట పలకలేని ఒక సోదరి 2020 జనవరిలో కోటి రూపాయలు గెలుచుకున్నారు. ఏ పెద్ద నగరాన్నీ చూడని పల్లె యువకులు ఆ కుర్చీలో కూర్చుని తమ చదువును దేశానికి చూపగలిగారు. జవాబు తెలియనప్పుడు "ఇంతటితో ఆపేస్తాను" అని చెప్పి, అప్పటిదాకా గెలిచినదానితో గౌరవంగా లేచి వెళ్లవచ్చునన్న నియమం కూడా మాకు నచ్చింది. తెలియనిదానిని తెలియదని ఒప్పుకున్నవానికి నష్టం లేకుండా చేసే పోటీలు అరుదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. ఆ సొమ్ము ఎవరిది?

ఇక్కడే ఒక దేశానికీ మరో దేశానికీ తేడా కనిపించింది. బ్రిటన్‌లో పోటీలోకి రాదలచినవారు మామూలు కన్నా ఎక్కువ ధర పడే ఫోను నంబరుకు కాల్ చేయవలసి వచ్చేది. ఆ కాల్స్ మీద వచ్చే ఆదాయం బహుమతి నిధికి ఒక ముఖ్యాధారం. అమెరికాలో అదే కార్యక్రమం మొదలైనప్పుడు కాల్ చేసేవారికి ఖర్చు లేని నంబరు పెట్టారు. ఒకచోట ఎంపిక కానివారు చెల్లించిన డబ్బు బహుమతిలో కలిసింది; మరొకచోట పాల్గొనదలచినవాని జేబు నుంచి పైసా కదలలేదు. తెర మీద చూసేవారికి రెండూ ఒక్కటే. లోపలి లెక్క మాత్రం వేరు.

అరబీ కార్యక్రమం ఇంటింటా మార్మోగుతున్న రోజుల్లో, 2001లో, ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ నస్ర్ ఫరీద్ వాసిల్ గారు దీనిని జూదంగా పరిగణిస్తూ ఫత్వా ఇచ్చారు. ఆనాడు చాలామంది ఆశ్చర్యపోయారు. జ్ఞానానికి సంబంధించిన పోటీ జూదమెలా అవుతుందని వారి సందేహం. ఫిఖ్హ్ గ్రంథాలలో గుర్రపు పందేల అధ్యాయం చదివినవారికి ఈ చర్చ కొత్తది కాదు. పోటీదారులు కాని మూడో వ్యక్తి బహుమతి ఇస్తే అది ధర్మసమ్మతం. పోటీదారులందరూ తలా కొంత వేసుకుని, గెలిచినవాడు మొత్తం తీసుకుపోతే అది జూదం. పరుగెత్తేది గుర్రమా, మనిషి బుర్రా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. సొమ్ము ఏ దారిన వచ్చింది, ఎవరు నష్టపోతే ఎవరు లాభపడ్డారు అన్నదే ప్రధానం. మూడో పక్షమే బహుమతి ఇచ్చే పోటీల విషయంలో కూడా ఉలమాలలో సూక్ష్మమైన అభిప్రాయభేదాలు ఉన్నాయి. అందుచేత ఎవరైనా అలాంటి పోటీకి వెళ్లదలిస్తే, దాని షరతులన్నీ తమ ప్రాంతపు ముఫ్తీ గారి ముందుంచి అడగడం మంచిది.

ఈ లెక్క మన దేశపు న్యాయస్థానాల వరకూ వెళ్లిన సంగతి చాలామందికి తెలియదు. 2007లో షారుఖ్ ఖాన్ వ్యాఖ్యాతగా 'కౌన్ బనేగా కరోడ్‌పతి' నడిచినప్పుడు, ఇంట్లో కూర్చున్న ప్రేక్షకులకు వేరే పోటీ ఒకటి పెట్టారు. ఒక ప్రశ్నకు జవాబును ఫోను సందేశంగా పంపాలి. సరైన జవాబు పంపినవారిలో ఒకరికి 2 లక్షల రూపాయలు. ఒక్కో సందేశానికి 2 రూపాయల 40 పైసలు. వినియోగదారుల సంఘమొకటి జాతీయ వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించింది. సందేశాలు సుమారు 5 కోట్ల 80 లక్షలని, వాటిపై వసూలైనది 13 కోట్ల 92 లక్షలని, పంచిన బహుమతులు 1 కోటి 4 లక్షలేనని లెక్క చూపింది. బహుమతి ఉచితమన్న భ్రమ కలిగించి, దాని ఖర్చును సందేశాల ధరలోనే రాబట్టుకున్నారంటూ కమిషన్ 2008లో కోటి రూపాయల జరిమానా విధించింది. న్యాయంగా చెప్పాలంటే, ఆ మాటకు తగిన ఆధారాలు లేవంటూ సుప్రీంకోర్టు 2019లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ వ్యాజ్యాన్ని ప్రస్తావించలేదు. కమిషన్ వేసిన ప్రశ్న, మా పన్నెండేళ్ల విద్యార్థి వేసిన ప్రశ్న ఒక్కటే కావడం మమ్మల్ని ఆలోచింపజేసింది.

2 రూపాయల 40 పైసలు ఎవరికీ బరువనిపించదు. పోతే పోయిందిలే అనుకుంటాము. కోట్ల చేతులు అలా అనుకున్నప్పుడే అది కొండ అవుతుంది. మా మద్రసాలో జరిగినదీ ఇంతే. 57 మంది పిల్లల ఇరవై రూపాయలు ముగ్గురి చేతుల్లోకి వెళ్లబోయాయి. పిల్లలకు దీనీ విజ్ఞానం పెరగాలన్న సదుద్దేశం మాకుంది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన లెక్క మంచిదైపోదు.

మరునాడు ఫజ్ర్ తర్వాత పిల్లలందరినీ కూర్చోబెట్టి, "మేము పొరపాటు చేశాము" అని చెప్పాము. ఎవరి ఇరవై రూపాయలు వారికి తిరిగి ఇచ్చివేశాము. గోడ మీది కాగితం చించివేశాము. మేము, మరో ఇద్దరు ఉపాధ్యాయులు కలిసి మా జీతాల నుంచి 700 రూపాయలు వేశాము. విద్యార్థులలో ఒకని తండ్రి, కట్టెల అడితి నడిపే సోదరుడు, విషయం విని మిగతా 500 ఇచ్చారు. బహుమతులు అవే, పిల్లల్లో ఎవరి జేబూ తరగలేదు.

పోటీ రోజున ఆ బాలుడూ పాల్గొన్నాడు. ఏడో ప్రశ్న దగ్గర చాలాసేపు తలవంచుకుని కూర్చుని, "తెలియదు హజ్రత్, ఇక్కడితో ఆపేస్తాను" అన్నాడు. మూడు బహుమతుల్లో ఒక్కటీ వానికి రాలేదు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. మీ ఇంట్లో ఇలాంటి కార్యక్రమం చూస్తున్నప్పుడు పిల్లలు జవాబుల కోసం పోటీ పడతారు. పడనివ్వండి, దానివల్ల నాలుగు విషయాలు నేర్చుకుంటారు. "జవాబు పంపండి, లక్షలు గెలవండి" అన్న ప్రకటన తెర మీదనో, ఫోనులోనో వచ్చినప్పుడు మాత్రం, బటను నొక్కే ముందు వారి చేత మరో ప్రశ్న అడిగించండి: ఆ లక్షలు ఎవరివి? జవాబు దొరకకపోతే, ఆ బాలుని మాదిరిగా అక్కడితో ఆగిపోవడం నేర్పండి.