అడగకుండా చేర్చితే గ్రూపు నిలవదు

మూడేళ్ల క్రితం ఇక్కడ డాలస్‌లో, వారాంతాల్లో పిల్లలకు కోడింగ్ క్లాసులు మొదలుపెట్టాను. నా ఫోన్‌లో ఉన్న తెలుగువారందరినీ అడగకుండానే ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చి, రోజూ ప్రకటన పెట్టాను. నెల తిరిగేసరికి సగం మంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు మ్యూట్ చేశారు. క్లాసులు మూతపడ్డాయి.

మా వీధిలోనే పచ్చళ్లు పెట్టి అమ్మే అక్క గ్రూపు మాత్రం కళకళలాడుతోంది. లేత గోంగూర ఎక్కడ దొరుకుతుందో, డ్రైవింగ్ టెస్టుకు ఏమేం తీసుకెళ్లాలో కూడా అక్కడే అడుగుతారు. తెలిసినవాళ్లు చెబుతారు. ఒకసారి ఆవకాయలో ఉప్పు ఎక్కువైందని ఎవరూ అనకముందే ఆవిడే చెప్పి, డబ్బు వెనక్కి ఇచ్చేశారు. ఆ తర్వాత ఆర్డర్లు పెరిగాయి.

వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా చేర్చవచ్చు. కానీ నమ్మి వినేవాళ్లు యాభై మంది ఉన్నా చిన్న వ్యాపారం నడుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నా మాట: అడిగి చేర్చండి. వారానికి ఒక్కసారే అమ్మకం మాట ఎత్తండి. తప్పు జరిగితే ముందు మీరే ఒప్పుకోండి.

కొనేవాళ్లకూ బాధ్యత ఉంది. బాగుంటే నలుగురిలో చెబుదాం. బాగోలేకపోతే ముందు ఆ ఇంటికే ఫోన్ చేద్దాం.