అన్నీ ఒకే బకెట్లో వద్దు

మన వంశవృక్షం సైటు ఫైళ్ళన్నీ క్లౌడుకి మార్చేశాం, ఇక దిగుల్లేదు అని ఉగాది రోజు చిన్నాయన ఇంట్లో అందరూ సంబరపడ్డారు. మేము పడలేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసి బతికేవాళ్ళం, తప్పులు వెతకడమే మా పని.

మార్చడం తప్పని మేము అనడం లేదు. సైటు నడిచేది చిన్న సర్వరు మీద. పెళ్ళి ఫోటోలు పదిమంది ఒకేసారి తెరిస్తే కూలబడేది. పేజీ రూపు చెప్పే సిఎస్ఎస్, జావాస్క్రిప్టు, తెలుగు ఫాంటు, లోగో ఎవరడిగినా ఒకేలా ఉంటాయి. వాటిని బయటి స్టోరేజీ నుంచి పంపితే సర్వరుకి బరువు తగ్గుతుంది. మంచిదే.

కానీ వాటితో పాటు తాత భాగపత్రం, పిల్లల జాతకాలు, అందరి అడ్రసులూ అదే బకెట్లో వేసేశారు. ఫాంటు, లోగో అందరికీ అందాలి కదా అని బకెట్ మొత్తాన్నీ బాహాటంగా తెరిచిపెట్టారు. మేము లాగిన్ కాకుండా, వేరే ఫోన్లో భాగపత్రం లింకు కొట్టి చూశాం. సర్వే నంబర్లతో సహా తెరుచుకుంది.

"ఆ లింకు ఎవరికి తెలుసప్పా?" అంటారు. తాళంచెవి గడప పక్కన పెట్టి ఎవరు చూస్తారులే అన్నట్టుంది. వాట్సాప్‌లో ఒక్కసారి పంపితే అది ఎన్ని ఊళ్ళు తిరుగుతుందో మనకి తెలీదా?

మన సైటు రాసింది జాంగోలో. అందులో ఈ రెండూ వేరే: సైటుతో పాటు తయారైనవి స్టాటిక్, మనుషులు ఎక్కించినవి మీడియా. స్టాటిక్ పోతే కలెక్ట్‌స్టాటిక్ అనే ఒక్క కమాండుతో మళ్ళీ వస్తుంది. చెదలు తినగా మిగిలిన భాగపత్రం ఏ కమాండుతో వస్తుంది? అమెజాన్ ఎస్‌3 కూడా 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లని బయటివాళ్ళకి మూసే ఇస్తోంది. అమ్మేవాళ్ళే తాళం వేసి ఇచ్చే రోజుల్లో మనం తలుపులు బార్లా తీసి కూర్చోవడం ఏం తెలివి?

మేము అడిగేది మూడే. ఒకటి, స్టాటిక్‌కి ఒక బకెట్, అది అందరికీ. దానికి మన సైటు పేరున సిఓఆర్ఎస్ అనుమతి ఇవ్వాలి, లేకపోతే వేరే డొమైన్ నుంచి వచ్చిన ఫాంటుని బ్రౌజరు ఒప్పుకోదు. రెండు, మీడియాకి ఇంకో బకెట్, అది మూసి ఉండాలి. లాగిన్ అయినవాళ్ళకి మాత్రం కాసేపు పనిచేసి ఆగిపోయే సంతకం లింకు వస్తుంది. మూడు, మీడియా కాపీ ఒకటి ఇంట్లో హార్డుడిస్కులో.

మేము బడిలో చదివింది కన్నడం. తెలుగు అక్షరాలు నేర్చుకుంది ఆ భాగపత్రాన్ని కూడబలుక్కుంటూనే. రేపటి పిల్లలూ దాన్ని చదవాలి. ఊరుపేరు తెలీనివాళ్ళు చదవక్కర్లేదు.

ఆదివారం మేమే కూర్చుని మారుస్తాం. కాదనేవాళ్ళు శనివారం లోపల ఫోన్ చేయండి.